తిప్పిపంపిన బిల్లు

సముద్రం వెనక్కి తగ్గగానే యోస్కో బుట్ట పట్టుకుని మోకాలిలోతు నీళ్లలోకి దిగేది. పసిఫిక్ సముద్రంలోని పలావు దేశంలో, బాబెల్దావోబ్ దీవి ఉత్తరపు కొసన ఉన్న ఆ ఊళ్లో ఆడవాళ్ల బతుకుదెరువు అదే. ఇసుకలోంచి సముద్ర దోసకాయలనే మెత్తటి జీవులను ఏరడం, కోసి సీసాల్లో పట్టి కోరోర్ బజారులో అమ్ముకోవడం. అరవై దాటినా ఆమె ఆ పని మానలేదు.

పైదేశపు వ్యాపారులు వచ్చి బస్తాలకు బస్తాలు ఎండబెట్టి ఓడలకెక్కించడం మొదలయ్యాక తీరం బోసిపోయింది. సెనేటర్‌గా ఉన్న అక్కకొడుకు తెల్లేయి వెంటపడి, దీన్ని ఆపే చట్టం తెమ్మని పోరింది యోస్కోయే. అతను బిల్లు రాశాడు. రెండు సభలూ ఒప్పుకున్నాయి. ఇక అధ్యక్షుడి సంతకమే తరువాయి.

ఆ పొద్దున పక్కింటి ఇమెయోంగ్ రేడియో విని పరుగున వచ్చింది.

"అక్కా, మన సీసాలూ బందేనట! అమ్మడానికి ఎవరు ఏరినా నేరమేనట!"

యోస్కో అప్పటికప్పుడు తెల్లేయి ఇంటికి వెళ్లింది. అతను చేమదుంపా చేపా తింటున్నాడు.

"ఏంట్రా ఇది? దొంగను పట్టుకోమంటే ఇంట్లోవాళ్లనీ కట్టేస్తావా?"

"ముందు సంతకం పడనీ పిన్నీ. తర్వాత సవరిద్దాం."

"తర్వాతంటే? మళ్లీ ఓట్లడగడానికొచ్చినప్పుడా?"

అతను కంచం పక్కకు తోశాడు. "సెనేట్‌లో అది ఎలా గట్టెక్కిందో నీకు తెలీదు. అధ్యక్షుడు మార్పులు చెప్పి తిప్పిపంపాడనుకో, రెండు సభల్లోనూ మళ్లీ ఓటెయ్యాలి. ఈసారి ఒకరిద్దరు జారినా మొత్తం మునుగుతుంది. దండం పెడతా, ఊరుకో."

యోస్కో ఇంటిదారంతా లెక్కలు వేసుకుంది. మార్చమని అధ్యక్షుణ్ని అడిగితే చట్టమే పోవచ్చు. అడగకపోతే తమ బతుకు పోతుంది. అధ్యక్షుడు సంతకం పెట్టాల్సిన గడువు దగ్గరపడుతోంది. అది దాటితే సంతకం లేకపోయినా బిల్లు చట్టమైపోతుంది. ఊరి ఆడవాళ్లు పోగై వక్క నములుతూ వాదించుకున్నారు. సగం మంది అధ్యక్షుణ్ని అడగొద్దన్నారు.

"ఆ వ్యాపారుల పడవలు ఇలాగే వస్తూ ఉంటే మనకు ఏరుకోడానికేం మిగులుతుందే?" అంది ఇమెయోంగ్.

"చెయ్యి పెట్టనివ్వని సముద్రం నిండినా మనకేం లాభం?" అంది యోస్కో.

మర్నాడు నలుగురు రాజధానికి బయల్దేరారు. అధ్యక్షుడు చివరిదాకా విన్నాడు.

"మీవాడి భయం నిజమేనమ్మా. ఒక్క వాక్యం కలపమని నేను అడగగలను. కలిపేది మాత్రం సభలే. కాదంటే నేను చేయగలిగేది తక్కువ."

"తెలిసే వచ్చామండీ," అంది యోస్కో.

బిల్లు తిరిగివెళ్లింది. చేత్తో ఏరి దేశంలోనే అమ్ముకునేవాళ్లను వదిలేయండన్నది ఆయన సూచన. దిగువ సభ ఒప్పుకుంది. సెనేట్‌లోనే గండం. వ్యాపారుల పడవలు ఆగే ఊరి సెనేటర్ రిమూ మొదటిసారి వద్దన్నవాడు. యోస్కో అతని దగ్గరికి పోలేదు. అతని అక్క దగ్గరికి పోయింది. అక్క మాట తమ్ముడు తేలిగ్గా దాటని దేశమది. ఆవిడా నీళ్లలో దిగి ఏరుకునేదే. అంతా విని, అవుననీ కాదనీ అనకుండా ఒక వక్క చేతిలో పెట్టి పంపింది.

ఓటింగ్ రోజు రిమూ అక్క పైన సందర్శకుల ముందు వరుసలో కూర్చుని ఉంది. పేర్లు పిలవడం మొదలైంది. తొలిసారి అవునన్న ఒకడు కాదన్నాడు. కాసేపటికి ఇంకొకడు. తెల్లేయి పేరు పిలిచారు. అతను బల్లకేసి చూస్తూ ఉండిపోయాడు. రెండోసారి పిలిచాక, "అవును," అన్నాడు మెల్లగా.

రిమూ లేచి పైకి చూశాడు. అక్క రెప్ప వేయలేదు.

"అవును," అనేసి దబ్బున కూలబడ్డాడు.

బిల్లు ఒక్క ఓటుతో బయటపడింది.

మెట్ల మీద తెల్లేయి ఎదురయ్యాడు. "నన్ను దాటి ఆయన దగ్గరికెళ్లావు పిన్నీ. సభలో నా పరువు తీశావు."

"ముందు నీ గడపే తొక్కాను కదరా."

అతను కారెక్కాడు.

ఆ వారమే అధ్యక్షుడు సంతకం చేశాడు. పడవలు వెళ్లిపోయాయి. తీరం మాత్రం తొందరగా కోలుకోలేదు. చాలా రోజులు యోస్కో సగం బుట్టతోనే ఇల్లు చేరింది. తెల్లేయి ఆమె ఇంటి ఛాయలకే రాలేదు. అతని చెల్లెలి తొలికాన్పు వేడుకలో వడ్డన యోస్కోదే. అతని దగ్గరికొచ్చేసరికి చెయ్యి ఆగింది.

"చేప వెయ్యనా?"

అతను తలెత్తలేదు. "ముల్లు లేని ముక్క వెయ్యి," అన్నాడు.