గండికోటలో మూడు గంపల పులిహోర

పోయిన నెల ప్రొద్దుటూరు నుంచి ఖాదర్ కార్డు రాశాడు. వాడు దర్జీ, నాతో హైస్కూల్లో చదువుకున్నవాడు. అర్చకుల ఇంటి శేషయ్య, జమ్మలమడుగు బళ్ళో పాఠాలు చెప్పే దానియేలు, తను కలిసి ఒక చిన్న వ్యాపారం మొదలుపెట్టారట. జనాన్ని ఎడ్లబండ్లలో గండికోటకు తీసుకెళ్ళి, అక్కడి గుడీ మసీదూ చూపించి, మూడిళ్ళ వంటలనూ ఆరుబయట ఒకే పంక్తిలో వడ్డిస్తారట. మొదటి ప్రయాణానికి నన్ను రమ్మన్నాడు. బొంబాయి మిల్లులో పనికి మేనమామ పిలుస్తున్నాడనీ, ఇది కుదరకపోతే ఊరు విడిచి పోక తప్పదనీ చివర్లో రాశాడు. వాడు లేని ప్రొద్దుటూరుకు నేనెందుకు వెళ్ళాలి? కర్నూలు రాజధాని అయినప్పటి నుంచి మా పులివెందుల కచేరీలో గుమాస్తాకు సెలవు దొరకడం గగనమైంది. అయినా బతిమాలి రెండు రోజులు పుచ్చుకున్నాను. తిండి మీద ఆశ కూడా ఉందని ఒప్పుకుంటాను.

మధ్యాహ్నం బస్సెక్కి ముద్దనూరు మీదుగా జమ్మలమడుగు చేరేసరికి పొద్దు గూకింది. ఛార్జీ రూపాయిన్నర, దుమ్ము ఉచితం. దానియేలు ఇంట్లో పడుకుని, మరునాడు తెల్లవారుజామున ఐదింటికి మూడు బండ్లలో పద్నాలుగు మందిమి బయల్దేరాం. భోజనంతో కలిపి మనిషికి రెండు రూపాయలు. ఇంకెంత దూరమని అడిగితే మా బండి తోలే ఆయన "ఈడే అప్పా, ఆ మలుపు దాటితే" అని నాలుగు మలుపుల దగ్గర నాలుగుసార్లు చెప్పాడు. తొమ్మిదిన్నరకు కోట చేరాం. గుడి గురించి ఖాదర్, మసీదు గురించి శేషయ్య చెప్పాలని వాళ్ళు నియమం పెట్టుకున్నారు. చిన్నప్పటి నుంచి ఒకరి పండగలకు ఒకరు వెళ్ళినవాళ్ళు కాబట్టి ఎవరూ తడబడలేదు. ఎర్రటి బండల మధ్య లోతున పారే పెన్నను అందరం అంచుదాకా వెళ్ళి చూశాం.

పన్నెండింటికి విస్తళ్ళు వేసి గంపలు విప్పారు. శేషయ్య గంపలో పులిహోర. దానియేలు గంపలోనూ పులిహోరే. ఖాదర్ తన గంప మీది గుడ్డ తీయడానికి వెనకాడుతుంటే నాకు అర్థమైపోయింది. ఎవరికీ అభ్యంతరం కాకూడదని, ఒకరికొకరు చెప్పుకోకుండా, ముగ్గురూ అదే వండించుకొచ్చారు! మూడిళ్ళ తిండి అన్నారే అని పంక్తిలో గొణుగుడు మొదలైంది. ఖాదర్ ముఖం పాలిపోయింది. వాడప్పుడే బొంబాయి రైలెక్కినట్టు కనిపించాడు.

జమ్మలమడుగు నుంచి వచ్చిన సుబ్బమ్మగారు మాంసం ముట్టని పెద్దావిడ. ఆమె వాణ్ణి దగ్గరికి పిలిచింది.

"మీ యింట్లో పండగకు ఏం చేస్తారప్పా? అది తిందామనే ఇంత దూరం వచ్చినా. పులిహోర మా యింట్లో లేదా?"

"పాలల్లో సేమ్యాలు ఏస్తామమ్మా. మీరు తింటారో తినరో అని తేలేదు."

"ఆ మాట నన్నడగాల గదా. ఇప్పుడు చెయ్యి."

కోట లోపలి ఊళ్ళో ఒక సాయిబుల ఇంట చేత్తో చేసిన సేమ్యాలు, ఇంకో ఇంట పాలు, బెల్లం దొరికాయి. మూడు రాళ్ళు పెట్టి పొయ్యి రాజేశారు. ఇంట్లో ఏనాడూ పొయ్యి దగ్గరికి పోని శేషయ్య కట్టెలు ఎగదోసి పొగకు కళ్ళు నులుముకున్నాడు. దానియేలు తువ్వాలుతో మంటకు విసిరాడు. మొదటి దొప్ప సుబ్బమ్మగారే అందుకుంది. అందరం ఆమె నోటివంకే చూస్తున్నాం. తిని, దొప్ప మళ్ళీ చాపింది. "శానా బాగుండాది నాయనా. శ్రావణంలో గండి ఆంజనేయసామి కాడికి బండ్లు కడతారా? మా చెల్లెండ్లను పిలుసుకోనొస్తా. మీ అమ్మను గూడా తీసుకరా."

తిరుగు ప్రయాణంలో ఖాదర్ నా పక్కన కూర్చుని, రానని మేనమామకు మర్యాదగా ఎట్లా రాయాలని అడిగాడు. ఊగే బండిలో మోకాలి మీద కార్డు పెట్టుకుని నేనే రాశాను. అక్షరాలు వంకరపోయాయి గానీ, అంత సంతోషంగా నేనెప్పుడూ ఏ కాగితమూ రాయలేదు.

ఆ పెద్దావిడకు నేను చాలా రుణపడ్డాను. ఎదుటివాళ్ళు నొచ్చుకుంటారని మనవాటిని దాచుకోవడమే మర్యాదనుకునేవాణ్ణి. అడిగి, కూర్చుని తినడం అంతకంటే పెద్ద మర్యాదని ఆ పంక్తిలో తెలిసింది. మీరూ వెళ్ళదలిస్తే వారం ముందే కార్డు రాయండి. మీరేం తినరో రాసినా రాయకపోయినా, వాళ్ళ ఇళ్ళల్లో ఏం వండుకుంటారో మాత్రం తప్పక అడగండి. ఖాదర్ ఊళ్ళోనే ఉంటాడు, జవాబు రాస్తాడు.