స్వరాజ్యమ్మ అడిగిన నీళ్లు

కనకయ్య చేసే పని పేరెత్తాలంటే మా అపార్ట్‌మెంట్‌లో అందరికీ మొహమాటమే. పంజాగుట్టలో మా భవనం సెల్లార్‌లో మురుగునీటిని శుభ్రం చేసే చిన్న ప్లాంటు ఉంది. దాన్ని నడిపేది ఆయన. మా అందరి స్నానాల నీళ్లూ, మరుగుదొడ్ల నీళ్లూ ఆయన చేతిమీదుగానే పోవాలి. అయినా చుట్టాలెవరైనా అడిగితే "మోటారు చూసుకునే మనిషి" అంటాం. వాడుకోవడానికి లేని సిగ్గు చెప్పుకోవడానికి వస్తుంది మాకు.

ఆయన తల్లి స్వరాజ్యమ్మది వలిగొండ దగ్గర మూసీ ఒడ్డు ఊరు. అక్కడ మూసీ ఇప్పుడు నల్లగా, నురగలు కక్కుతూ పారుతుంది. ఆ నీళ్లలో నాట్లు వేసీ వేసీ కాళ్లకు పుండ్లు పడ్డాక, సెల్లార్ పక్కన కొడుకు ఉండే గదికి వచ్చేసింది. ఒక పొద్దున కనకయ్య ప్లాంటులో శుభ్రమైన నీళ్లను గాజుసీసాలో నింపి, తేటపడ్డాయో లేదో ఎండకు పట్టి చూస్తుంటే, ముసలామె ఆ సీసా చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది.

"నా పెండ్లినాడు మన మూసీ గిట్లనే ఉండెరా. ఇవి ఏడికి పోతయి?"

"నాలాల పడి, హుస్సేన్‌సాగర్ దాటి మూసీలకే పోతయమ్మా."

"అంటే మనూరికే!"

అప్పటినుంచి గేటు దగ్గర ఎవరు కనబడినా ఆమెది ఒకటే మాట, తన కొడుకు ఊరికి నీళ్లు కడిగి పంపుతుండని. ప్రాణం పోయేముందు కొడుకును అడిగిందీ ఆ నీళ్లే. "నా బూడిద ఆ నురగల వెయ్యకు బిడ్డా. నువ్వు కడిగిన నీళ్లల్ల కలుపు. మెల్లగ ఇంటికి పోత."

దహనం పంజాగుట్ట శ్మశానంలోనే జరిగింది. మూడోనాడు బూడిద కుండతో కనకయ్య తిరిగొచ్చేసరికి సెల్లార్ అంతా కంపు. సీసాలో పట్టిన నీళ్లు నల్లగా ఉన్నాయి.

జరిగిందేమిటంటే, భవనానికి పట్టిన మైల పోవాలని మా అసోసియేషన్ ప్రెసిడెంటు నాగేశ్వరి గారు మెట్ల దగ్గర్నుంచి బాత్రూముల దాకా యాసిడ్‌తో కడిగించారు. ఇంటింటికీ ఫినాయిల్ పంచి ఒకే రోజు పోయించారు. ప్లాంటులో మురికిని తినేవి కంటికి ఆనని పురుగులు. పెరుగు తోడును కాపాడుకున్నట్టు కనకయ్య వాటిని కాపాడుకుంటాడు. అవన్నీ చచ్చాయి. పుణ్యానికి పోతే పాపం ఎదురవడమంటే ఇదే. ముసలామె మైల కడగబోయి ఆమె అడిగిన నీళ్లనే పాడుచేశారు. మంచి మనసుతో చేశారు కాబట్టి తిట్టడానికీ లేదు, అందుకే నాకు మరీ ఒళ్లు మండింది.

సంగతి తెలిసి నాగేశ్వరి గారు కిందికి దిగివచ్చి కళ్లు తుడుచుకున్నారు. "నాకేం తెలుసు కనకయ్యా! మా కారిస్తాను, గోదావరిలో కలిపి రా. పుణ్యం కూడాను."

"మా అమ్మ గోదారి ఎన్నడు సూడలేదమ్మా. తెల్వని నీళ్లల్ల ఎట్ల ఇడిసి రావాలె?"

కుండకు గుడ్డ కట్టి వెనకగోడ పక్కనున్న వేపకొమ్మకు వేలాడదీశాడు. ఆ పురుగులు మళ్లీ పుట్టడానికి ఆవుపేడ, బెల్లం తెచ్చి ప్లాంటు తొట్టిలో కలిపి, గాలి కొట్టే మోటారు ఆగకుండా తిప్పాడు. రోజూ సీసా నింపి ఎండకు పట్టి చూసి పారబోసేవాడు. పెద్దకర్మ కూడా అయిపోయింది. ఇంకా బూడిద కలపలేదేమని చుట్టాలు తిట్టిపోశారు. ఆయన మాత్రం మర్నాడూ సీసా నింపి ఎండకు పట్టాడు.

ఒక ఆదివారం సీసాలో నీళ్లు తేటపడ్డాయి. ఒక్కడే వెళ్లబుద్ధి కాలేదేమో, నన్ను తోడు రమ్మన్నాడు. శుభ్రమైన నీళ్లు వెనకగోడ పక్కగా సన్నటి సిమెంటు కాలువలో పారి నాలాలో పడతాయి. ఆ కాలువలో బూడిద వదిలాడు. తేట నీళ్లలో అది తెల్లగా సాగుతూ గోడ దాటింది. నాలా నిండా ఎగువ హాస్టళ్ల, హోటళ్ల, మాలాంటి భవనాల మురుగు. మా నీళ్లు బెత్తెడు దూరం తేటగా కనబడ్డాయి. తర్వాత అంతా నలుపే.

"ఊరికి చేరుతుందిలే కనకయ్యా," అన్నాను. ఏదో ఒకటి అనాలి కదా.

ఆయన ఖాళీ కుండను గుండెలకు ఆనించుకుని నాలా వైపే చూస్తున్నాడు.

"మన నీళ్లు గీడిదాకనే తేటగుంటయి సార్. నాకు మొదటిసంది ఎర్కనే," అన్నాడు. "అమ్మ గంత సంబురపడుతుంటె చెప్పబుద్ధి కాలె."