మార్తమ్మ టీచరుగారి మిగులు ఊలు

మా వీధి చివర ఇస్త్రీ బండి అతను మొన్న ఎవరిదో ఊలు స్వెట్టరు మీద తడిగుడ్డ పరిచి పెట్టె ఆనించాడు. చుయ్యిమని ఆవిరి లేచింది. కాస్త గొర్రె వాసన, కాస్త తడిసిన దుప్పటి వాసన. అది ముక్కుకు తగలగానే చీరల మూట చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. "మీవి రేపిస్తానమ్మా" అని అతను రెండుసార్లు చెప్పాడట, నాకు వినపడలేదు. నేనప్పుడు రాజోలులో, మార్తమ్మ టీచరుగారి వంటింట్లో, మరుగుతున్న నీళ్ళగిన్నె ముందు ఉన్నాను.

డెబ్బైలలో మాట ఇది. మార్తమ్మ టీచరుగారు మా ఆడపిల్లల హైస్కూల్లో కుట్టుపని నేర్పేవారు. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ తెల్ల చీరలోనే ఉండేవారు. కుట్లూ లేసులూ అయ్యాక ఊలు అల్లిక కూడా నేర్పేవారు. మా వైపు చలి అంటే ధనుర్మాసంలో ముసలివాళ్ళు చెవులకు మఫ్లరు చుట్టుకునేంతే. దానికోసం ఈ సూదులతో కుస్తీ ఎందుకో మాకెవరికీ అర్థమయ్యేది కాదు. నాకు నోరు కాస్త దురుసు, ఒకరోజు అడిగేశాను.

"టీచరుగారండీ, ఇంత ఉక్కలో స్వెట్టర్లు ఎవరు తొడుక్కుంటారండీ?"

ఆవిడ సూదుల మీంచి చూపు ఎత్తలేదు. "ఎవరికో ఒకరికి ఎప్పుడో చలేస్తుందమ్మాయ్. అప్పుడు నేర్చుకుందామంటే కుదరదు," అన్నారు.

ఆవిడ కొత్త ఊలు కొనగా నేను చూడలేదు. చిన్నప్పుడు మిషనరీ బడిలో ఒక దొరసానిగారు నేర్పిన విద్య అట అది. పాతబడిన స్వెట్టర్లూ శాలువాలూ విప్పి ఉండలు చుట్టేవారు. అల్లగా మిగిలిన ముక్కలు పాలపొడి డబ్బాలో దాచేవారు. అంతా సన్న ఊలు. కొన్ని ఉండలు నిమ్మకాయంత, కొన్ని కుంకుడుకాయంత. కుంకుడుకాయంత ఉండని ఏం చేసుకుంటారా అని మేం వెనక నవ్వుకునేవాళ్ళం.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా, కార్తీకమాసం ముసుర్లో, నెలలు నిండకుండానే తమ్ముడు పుట్టాడు. తల నాన్న పిడికిలంత ఉంది. ఏడుపు కూడా పిల్లికూనలా పీలగా వచ్చి ఆగిపోయేది. ఏడో నెలలో పుట్టినవాడు బతుకుతాడు, ఎనిమిదో నెలలో పుట్టినవాడు దక్కడు అని మా వైపు ఒక మాట ఉంది. వీడు ఎనిమిదో నెలవాడు. అంతకు రెండేళ్ళ ముందు అమ్మకి పుట్టిన పిల్లాడు మూడో రోజునే పోయాడు. అందుకని ఆ మాట ఎవరూ పైకి అనలేదు గాని, ఇంట్లో అందరి మొహాల్లోనూ అదే కనబడుతోంది.

పురుడు పోసిన నర్సమ్మగారు, "ఒళ్ళు చల్లబడనివ్వకండి, అంతేనండి మందు. ఈ ముసుర్లో రేవు దాటించి అమలాపురం తీసికెళ్తే దారిలోనే చల్లబడిపోతాడు," అన్నారు. వేడినీళ్ళు పోసిన సీసాలు గుడ్డల్లో చుట్టి వాడికి చెరో పక్కన పెట్టాం. నాయనమ్మ తన పాత చీర చింపి చుట్టింది. కాళ్ళు కదిపినప్పుడల్లా అది జారిపోయేది. మళ్ళీ అరికాళ్ళు చల్లగా అయిపోయేవి.

మర్నాడు బడిలో నా సూది మీది కుట్లన్నీ జారిపోయాయి. టీచరుగారు పక్కకు పిలిచి ఏమైందని అడిగారు. చెప్పాను. అయ్యో పాపం అంటారనుకున్నాను. ఆవిడ, "పిల్లాడి రొమ్ము చుట్టు ఎంతుంటుంది?" అన్నారు. నా రెండు చేతుల వేళ్ళూ కలిపి చూపించాను. ఆవిడ తన టేపుతో నా చేతుల్ని కొలుచుకున్నారు. సాయంత్రం బడి వదలగానే నన్ను ఇంటికి తీసుకెళ్ళి పాలపొడి డబ్బా చాపమీద బోర్లించారు.

పాత ఊలు వంకీలు తిరిగి ఉంటుంది. మరిగే నీళ్ళ ఆవిరి మీద పట్టి దాన్ని సాపు చేయాలి. ఆ పని నాది. ఆవిడ వెన్నుభాగం మొదలుపెట్టారు. "తలమీంచి తొడిగితే అల్లాడిపోతాడు. ముందువైపు తెరుచుకోవాలి. కార్డిగన్ అంటారు దీన్ని. బొత్తాలు వద్దు, గుచ్చుకుంటాయి, తాళ్ళు పెడదాం," అని చెబుతూ చకచకా వరసలు వేశారు. నాకు చేతులు అల్లమని ఇచ్చారు. ఒక్కో చెయ్యి నా బొటనవేలు దూరేంత. నాలుగు వరసలకో ఉండ అయిపోయేది, ఇంకో రంగు ముడెయ్యాల్సి వచ్చేది. పరీక్షల్లో నీటుకి మార్కులుంటాయి కదా, ముళ్ళన్నీ లోపలివైపు దాచి, పైకి ఒక్కటి కనబడకుండా అల్లి, గొప్పగా అందించాను.

ఆవిడ దాన్ని తిరగేసి, ఆ ముళ్ళవైపు తన కనురెప్పమీద రుద్దుకున్నారు.

"ఇది పరీక్షకా, పిల్లాడికా?"

"పిల్లాడికేనండి."

"వాడి చర్మం ఉల్లిపొరలా ఉంటుందమ్మా. ముళ్ళు బయటికే ఉండాలి. చూసేవాళ్ళకి బాగోకపోతే వాళ్ళే మొహం తిప్పుకుంటారు," అని ఆ చేతుల్ని తిరగేసినవి తిరగేసినట్టే కలిపి కుట్టేశారు. నాకు ఉక్రోషం వచ్చింది. అంత చక్కగా చేసిన పని చింపిరిదానిలా కనబడుతుంటే ఏడుపొచ్చినంత పనైంది. ఆవిడ పట్టించుకోలేదు.

మూడో రోజు పొద్దున్నే టీచరుగారు గొడుగేసుకుని బురదలో రాజోలు నుంచి మా ఊరిదాకా నడిచి వచ్చారు. ఎప్పుడొచ్చినా అరుగుమీదే కూర్చునేవారు. లోపలికి రమ్మని మావాళ్ళు ఎప్పుడూ అనలేదు. అది తప్పని అప్పట్లో నాకూ తోచలేదు. పొట్లం విప్పి స్వెట్టరు చూపించగానే నాయనమ్మ వెనక్కి తగ్గింది.

"బారసాల కాకుండా కొత్త బట్ట వెయ్యకూడదు టీచరమ్మా. పోయినసారి పిల్లాడికి వాళ్ళ మేనమామ కొత్త చొక్కా తెచ్చేడు. వద్దంటే వినకుండా తొడిగేరు. మూడో రోజుకి..." అని ఆగిపోయింది.

నాయనమ్మ కాదంటే మా ఇంట్లో నాన్న కూడా అవునని అనలేరు. చలి సైన్సు చెప్పి టీచరుగారు వాదిస్తారేమోనని భయపడ్డాను. ఆవిడ వాదించలేదు.

"ఆయ్, నిజమేనండి మామ్మగారండి. కొత్తది వెయ్యకూడదు. ఇందులో కొత్త పోగు ఒక్కటి లేదండి," అని స్వెట్టరు అరచేతిమీద పరిచి ఒక్కో రంగూ చూపించారు. "ఈ గోధుమరంగు మా నాన్నగారి మఫ్లరండి, ఎనభై దాటేదాకా బతికేరాయన. ఈ తెలుపు మా అత్తగారు ఇరవయ్యేళ్ళు కప్పుకున్న శాలువా. ఈ ఎరుపు మా అబ్బాయి ఉయ్యాల్లో తొడుక్కున్నది, వాడికిప్పుడు మా ఇంటి గుమ్మం తలకి తగుల్తుందండి. మిగిలిన ఊలేనండి ఇదంతా."

నాయనమ్మ వంగి చూసింది. ముళ్ళ మీద వేలు పెట్టి ఒక్కొక్కటే తడిమింది. పుట్టిన బిడ్డకి పాతబట్ట వేసేది పెద్దవాళ్ళ ఆయుష్షు వాడికి రావాలని కదా. ఇక్కడ ఒకరిది కాదు, ముగ్గురిది ఉంది.

"లోపలికి రండి టీచరమ్మా," అంది. "మీరే తొడగండి."

ఆ మూడో రోజు గడిచింది. నాలుగోదీ గడిచింది. నాయనమ్మ గంటకోసారి వాడి అరికాళ్ళు ముట్టుకుని చూసి వెళ్ళిపోయేది. మేం ఆవిడ మొహం చూసి ఊపిరి పీల్చుకునేవాళ్ళం. ఒక వారం పోయాక వాడు ఆకలికి కేరుమని ఏడ్చాడు. వీధిలోకి వినబడేలా ఏడ్చాడు. వంటింట్లో నాయనమ్మ పిండుతున్న కొబ్బరి అలాగే వదిలేసి, గోడకి చేరగిలబడి, "ఏడవనీ, ఏడవనీ," అంటూ తనూ ఏడ్చింది. అంత హాయైన ఏడుపు మా ఇంట్లో అంతకుముందు నేను వినలేదు.

మాఘమాసం వచ్చేసరికి స్వెట్టరు చేతులు వాడి మోచేతుల దగ్గరే ఆగిపోయాయి. ముందు తాళ్ళు ఒకదానికొకటి అందడం మానేశాయి. ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక టీచరుగారు వచ్చారు. నాయనమ్మ ముందే కుర్చీ లోపల వేసింది.

"అల్లవరంలో ఒకావిడకి కవలలు పుట్టేరండి, నెలలు నిండలేదు. వీడిది ఇలా ఇస్తే విప్పి, ఇంకొంత కలిపి ఇద్దరికీ అల్లుతాను," అన్నారు.

నేను స్వెట్టరు గుండెలకి అదుముకున్నాను. దాచుకోవాలని నా కోరిక, పెట్టెలో పెట్టుకుని పెద్దయ్యాక వాడికి చూపించాలని. "ఇవ్వనండి," అన్నాను.

ఆవిడ నా తల నిమిరి, "పట్టట్లేదని ఏడుస్తావేంటమ్మాయ్? వాడికి ఇది పట్టకుండా పోవాలనేగా మనం అల్లేం," అన్నారు.

అమ్మ నవ్వింది. తమ్ముడు పుట్టాక అమ్మ అంత గట్టిగా నవ్వడం అదే మొదలు. నేను కళ్ళు తుడుచుకుని కొస ముడి విప్పాను. అల్లడానికి ఇద్దరికి ఒక సాయంత్రమూ రాత్రీ పట్టినది పావుగంటలో ఊడొచ్చేసింది. చాపమీద వెల్లకిలా పడుకున్న వాడు కదిలే దారంకేసి చేతులు ఆడిస్తూ, అందక, కేకలు పెట్టాడు.

టీచరుగారు పోయి చాలా ఏళ్ళయింది. ఆవిడ అల్లినది ఒక్కటి కూడా మా ఇంట్లో మిగల్లేదు. నా కూతురు చిన్నప్పుడు, తొడిగిన గౌను మోకాళ్ళ పైకి ఎక్కిందని ఎవరైనా అంటే, ముందు నాకు హమ్మయ్య అనిపించేది. కొత్తది కుట్టించాలని ఆ తర్వాత గుర్తొచ్చేది.