తేనెటీగలకి కబురు

జర్మనీలో వాల్డార్ఫ్ పక్క ఊళ్లో ఒక ముసలి దంపతుల ఇంటి పైవాటాలో అద్దెకుంటున్నాను. నేను దిగిన మొదటిరోజే ఇంటాయన నన్ను తోటలోకి తీసుకెళ్లాడు. అక్కడ వరసగా ఉన్న మూడు తేనెటీగల పెట్టెల్ని ఇంటి తాళంచెవితో తట్టి, పైన కొత్త మనిషి దిగిందనీ, చాలా దూరం నుంచి వచ్చిందనీ, కుట్టొద్దనీ వాటికి జర్మన్‌లో చెప్పాడు. ఇంట్లో ఏం జరిగినా వాటికి చెప్పాలట, లేకపోతే అలుగుతాయట. టౌన్‌హాల్లో నా పేరూ అడ్రసూ నమోదు చేయించుకునే ఆన్‌మెల్డుంగ్‌కి టెర్మిన్, అంటే అపాయింట్‌మెంటు, దొరికేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. తేనెటీగల దగ్గర మాత్రం ఆ పని నిమిషంలో అయిపోయింది.

ఆయన ఇంగ్లీషు పంతులుగా చేసి రిటైరయ్యాడు. పాత ఇంగ్లీషంటే పిచ్చి. వెయ్యేళ్ల కిందట ఇంగ్లండులో ఆంగ్లో-శాక్సన్లు, తేనెటీగల గుంపు లేచిపోతుంటే గుప్పెడు మట్టి తీసి వాటిమీద చల్లి మంత్రం చదివేవాళ్లట. ఆ మంత్రంలో ఈగల్ని యుద్ధం గెలిచిన ఆడవాళ్లారా అని పిలిచి, కిందికి దిగి కూర్చోమనీ అడవికి పోవద్దనీ బతిమాలుకుంటారట. ఒక మే నెలలో మా పెట్టెలోంచి గుంపు లేచి ఆపిల్ చెట్టుకి పట్టింది. ఆయన నిజంగానే మట్టి చల్లి మంత్రం చదివాడు. ఒక్కటంటే ఒక్క ఈగ దిగలేదు. చివరికి నిచ్చెన వేసుకుని ఎక్కి, వాటిని బుట్టలోకి దులిపి తెచ్చాడు. మరి మంత్రం దేనికి పనికొచ్చిందని అడిగితే, నిచ్చెన ఎక్కడానికి ధైర్యమిచ్చిందన్నాడు. పగలబడి నవ్వాను. ఈ దేశంలో నేను అలా నవ్విన రోజులు తక్కువ.

అసలు ఇక్కడి ఆదివారాలు నాకు పరమ చిరాకు. కొట్లన్నీ మూసేస్తారు, వీధిలో నరమానవుడు కనిపించడు. ఒకప్పుడు ఆదివారం మధ్యాహ్నం విజయవాడ నుంచి మా అక్క ఫోన్ చేసేది. "ఏం వండుకున్నావే?" అన్నదే మొదటి మాట. బ్రెడ్డు తిన్నానంటే నాలుగు తిట్టేది. అక్క పోయాక ఆ మాట అడిగేవాళ్లు లేరు. పప్పుచారు పెట్టుకుని, అప్పడాలు వేయించుకుని, కిటికీ దగ్గర కూర్చుని ఒక్కదాన్నే తినేదాన్ని. అక్క పోయిన సంగతి ఆఫీసులో కూడా ఎవరికీ చెప్పలేదు. ఇంటిపని అని సెలవు పెట్టి వెళ్లొచ్చాను. ఇండియా ఎలా ఉందని అడిగారు, బాగుందన్నాను.

ఈ ఫిబ్రవరిలో ఇంటాయన ఆస్పత్రిలో చనిపోయాడు. ఇంటావిడకి అంతకుముందే తుంటి విరిగింది. నడక బండి పట్టుకుని వంటింటి దాకా రావడమే గగనం. సమాధి చేసే రోజు పొద్దున్నే నన్ను కిందికి పిలిచి, ఇంటి తాళంచెవి నా చేతిలో పెట్టింది. పెంచినవాడు పోతే, మట్టి చెయ్యకముందే ఈగలకి చెప్పాలట. చెప్పకపోతే చచ్చిపోతాయట, లేదా లేచిపోతాయట. కొడుకు హాంబుర్గ్ నుంచి వచ్చాడు గానీ, ఇవన్నీ చాదస్తాలని కొట్టిపారేశాడు.

"చెప్పిస్తానని ఆయనకి మాటిచ్చాను. ఆ ఈగలు కూడా పోతే ఇంక ఆయనదంటూ నాకేం మిగలదు," అంది.

తోటంతా మంచు పట్టి ఉంది. పెట్టెని తట్టాను. జర్మన్ నోట్లోంచి రాలేదు. "ఆయనకి ఒంట్లో బాలేదు. ఆస్పత్రిలో ఉన్నారు. మీరేం కంగారుపడకండి," అని మూడు పెట్టెలకీ తెలుగులోనే చెప్పి వచ్చి, తాళంచెవి ఆవిడకి ఇచ్చేశాను. ఆవిడ ఏమని చెప్పావో చెప్పమంది. ఉన్నదున్నట్టు జర్మన్‌లోకి మార్చి చెప్పాను.

"ఆయన చనిపోయాడు కదా. వాటికి అబద్ధం ఎందుకు చెప్పావు?" అంది ఆవిడ.

అబద్ధమాడానని అప్పటిదాకా నాకే తట్టలేదు. మా వైపు దూరాన ఉన్నవాళ్లకి చావుకబురు ఉన్నపళంగా చెప్పరనీ, గుండె ఆగిపోతుందని భయమనీ వివరించాను. అక్కడితో ఆగాల్సింది. నోరు ఊరుకోలేదు. అక్కకి కాస్త సీరియస్‌గా ఉంది, బయల్దేరి రమ్మని బావ నాకు ఫోన్ చేశాడని చెప్పాను. ఆస్పత్రిలో బోరు కొడుతుందని ఫ్రాంక్‌ఫర్ట్ ఎయిర్‌పోర్టులో అక్కకిష్టమైన చాక్లెట్లు ఏరి ఏరి కొన్నాను. గన్నవరంలో కారెక్కాక, విమానంలో ఏం పెట్టారని అందరూ ఒకటే అడగడం. అక్కకెలా ఉందంటే, ఇంటికెళ్దాం పద అన్నారు. వీధి మలుపు తిరిగాక మా ఇంటిముందు శామియానా కనిపించింది. కార్లో డ్రైవరుకి కూడా తెలుసు, నాకు తప్ప. ఇవాళ్టిదాకా అక్క చనిపోయిందని నా మొహం మీద ఎవరూ అనలేదు.

"అయితే నీకు ఇంకా ఎవరూ చెప్పలేదన్నమాట," అంది ఆవిడ, తాళంచెవి మళ్లీ నా చేతికిస్తూ.

నాకు ఒళ్లు మండింది. ఈవిడకెందుకు మా ఇంటి సంగతులు అనుకుంటూ విసవిసా తోటలోకి నడిచాను. మొదటి పెట్టెని తట్టి, "మీ పెద్దాయన చనిపోయారు. మధ్యాహ్నం సమాధి చేస్తున్నారు. మీరు మాత్రం ఇక్కడే ఉండండి, అడవికి పోకండి," అన్నాను. చెవి ఆనించాను. కబురు విన్నాక ఝుమ్మంటే ఉంటాయని అర్థమట. సన్నగా ఝుమ్మన్నాయి. రెండోది కూడా అంతే.

మూడో పెట్టె దగ్గర చాలాసేపు నిలబడ్డాను. చలికి వేళ్లు కొంకర్లు పోయాయి. కబురు చెప్పాను. ఏడ్చాను కూడా, గట్టిగానే. పక్కింటివాళ్లు కిటికీ తీసి చూసి, మళ్లీ మూసేసుకున్నారు.

వచ్చేసరికి ఆవిడ నల్లకోటు వేసుకుని వంటింటి కిటికీ దగ్గర కూర్చునుంది. తాళంచెవి బల్లమీద పెట్టాను.

"చివర్దాని దగ్గర అంతసేపేం?" అని అడిగింది.

"దానికి రెండు చావులు చెప్పాల్సి వచ్చింది," అన్నాను.