నేనిచ్చిన ఒక్క ‘సా’

మొన్న కోరుట్ల నుంచి మా బావ బిడ్డ నా ఫోన్‌కు ఒక వీడియో పంపింది. అందులో మా బావ, అంటే మా మేనత్త కొడుకు, తన పాత కీబోర్డు ముందు పెళ్లికొడుకులా కూర్చుని పాట వాయిస్తున్నాడు. చుట్టాలంతా దాని కింద పూల బొమ్మలు, చప్పట్ల బొమ్మలు పెట్టారు. పెట్టకపోతే బాగుండదని నేనూ రెండు చేతుల బొమ్మ ఒకటి పెట్టాను గానీ, ఆ పూట అన్నం సయించలేదు. ఈ వయసులో కూడా ఇంత కుళ్లు ఎక్కడ దాగి ఉంటుందో తెలియదు. కానీ న్యాయం మీరే చెప్పండి, ఆ పెట్టెలోంచి వస్తున్న హార్మోనియం నాది.

జగిత్యాలలో మాది బట్టల దుకాణం. ముందు వంకాయలో పుచ్చు చూపించి ఆ తర్వాతే ధర అడగాలని నాకు ఎవరూ నేర్పలేదు, గల్లా పక్కన పెరిగినవాడికి అది ఆకలి పుట్టినట్టు దానంతటదే పుడుతుంది. మధ్యాహ్నం గిరాకీ పలచబడ్డాక తానుల నడుమ చోటు చేసుకుని హార్మోనియం వాయించుకునేవాణ్ని, దాని పుణ్యాన కోరుట్ల, సిరిసిల్ల దాకా పెళ్లిళ్లకు పోయే పాటల పార్టీలో ముందువరసలో నాకొక చోటు దొరికింది. పెళ్లివారు మొదటి చాయ నాకే ఇచ్చేవారు. ఆ చాయలో చక్కెర తక్కువైనా నాకు తీయగానే ఉండేది.

అట్లాంటి రోజుల్లో బావ దుబాయి నుంచి వచ్చాడు. అక్కడినుంచి అందరూ దుప్పట్లు, అత్తర్లు తెస్తే ఈయన బియ్యం బస్తా అంత బరువున్న నల్లటి కీబోర్డు తెచ్చాడు. దానికి సొంత గొంతంటూ లేదు. పక్కన చీలికలో పలచటి ఫ్లాపీ దూరిస్తే, మనం ఒక చాయ తాగేంత సేపు గరగరలాడి, అందులోని శబ్దాన్ని గుర్తుకు తెచ్చుకునేది. కరెంటు పోయిందా, అంతా మరిచిపోయేది, మళ్లీ ఫ్లాపీ తినిపించాలి. చిన్న మైకు తగిలించి ఏ చప్పుడు వినిపించినా దాన్ని పట్టుకుని మెట్లన్నిటి మీదా పరిచేది. వాళ్లింటి మేక అరుపు మీద బావ ఏకంగా మంగళహారతి వాయిస్తే, మా మేనత్త నవ్వు ఆపుకోలేక పైట నోట్లో కుక్కుకుంది. ఎడమవైపు చక్రం తిప్పితే స్వరం సాగి వంగేది. ఊరంతా నోరు తెరిచి చూస్తుంటే, నేను మాత్రం ఆ పెట్టెకు ఒక మూల సొట్ట ఉందని కనిపెట్టి పదిమందికీ చెప్పాను.

ఒక మధ్యాహ్నం బావ ఆ పెట్టెను ఆటోలో వేసుకుని మా దుకాణానికే వచ్చాడు.

“బామ్మర్దీ, నీ హార్మోనియం జర వాయించు, గిండ్ల నింపుకుంట.”

కింది నుంచి ఒకటి, నడిమి నుంచి ఒకటి, పైనుంచి ఒకటి స్వరాలు కావాలన్నాడు. నాలోని దుకాణదారు మేలుకున్నాడు. గిరాకీకి చూపేది జానెడు ముక్క, తాను మన దగ్గరే ఉండాలి.

“ఒక్క ‘సా’ ఇస్త బావా. గది గూడ నువ్వు గనుక.”

“గదే సాలు తియ్యి,” అన్నాడు వెంటనే.

చెప్పిన ధరకు తలూపిన గిరాకీని అనుమానించాలని పుట్టుకతో తెలిసిన నేను, ఆ క్షణంలో గెలిచాననుకుని పొంగిపోయాను.

తిత్తి ఊదుతూ ‘సా’ నొక్కాను. సరిగ్గా అప్పుడే గల్లా దగ్గర మా బాపు, అదే మా నాన్న, సారంగాపూర్ నుంచి వచ్చిన ఒకావిడ కోసం బట్టకు కత్తెరతో చిన్న గాటు పెట్టి, రెండు చేతులా పట్టి పర్రున చింపాడు. అదీ మైకులో పడింది. మళ్లీ ఒకసారి వాయించమని బావ బతిమాలాడు. ఒక్కటంటే ఒక్కటేనని నేను హార్మోనియం మూత వేసేశాను.

బావ చిరునవ్వుతో మెట్ల మీద వేళ్లు పెట్టాడు. ఆ ఒక్క ‘సా’ నుంచి సరిగమలన్నీ వరసగా లేచొచ్చాయి! పైకి పోతే దోమలా, కిందికి దిగితే బర్రెలా ఉన్నా, నడుమ మాత్రం అచ్చం నా హార్మోనియమే. ప్రతి స్వరం వెనకా సన్నగా ఆ పర్రు కూడా. నేను ఊరుకుంటానా?

“సరుకు చినిగింది బావా. డాగు మాలు.”

గల్లా మీద బాపు కడుపుబ్బ నవ్వాడు. “నువ్వు ముక్కిస్తే మీ బావ తానే నేసుకున్నడు గదరా!”

తర్వాత బావ కూడా ఆ పెట్టెతో మా పాటల పార్టీలో చేరాడు. సిరిసిల్లలో సాంచెలు, అంటే మరమగ్గాలు, నడిపే ఒక ఆసామి ఇంట పెళ్లి. పాట నడుమ కరెంటు పోయి, వీధిలోని మరమగ్గాలతోపాటు బావ పెట్టె కూడా మూగబోతే, నేను హార్మోనియం ముందుకు లాక్కుని ఆ పూటకు రాజునయ్యాను. కరెంటొచ్చింది, బావ ఫ్లాపీ దూర్చాడు, జనం మళ్లీ అటే తిరిగారు. మొదటి చాయ కూడా అటే పోయింది. ఆపై పార్టీ వాళ్లు నన్ను పిలవడం తగ్గించారు. నా హార్మోనియం అటక మీద ఎలుకలకు ఇల్లయింది. బాపు పోయి ఏళ్లయింది. దుకాణమిప్పుడు నా కొడుకు చేతిలో ఉంది, అంతా రెడీమేడ్.

ఇక వీడియో సంగతి. కుళ్లుకుంటూనే రెండోసారి విన్నప్పుడు, పాట వెనక పర్రుమంది. ఫోను చెవికి ఆనించి మళ్లీ విన్నాను. ప్రతి స్వరానికీ బాపు బట్ట చింపుతున్నాడు.

మర్నాడే కోరుట్ల బస్సెక్కి, ఎట్లాగైనా ఆ పెట్టె కొనాలని పోయాను. మెట్లు పసుపుబారాయన్నాను, ఫ్లాపీలు ఎక్కడా దొరకవన్నాను, చెడితే బాగుచేసేవాడు లేడన్నాను, పాత సొట్ట కూడా తడిమి చూపించాను. బావ ఓపిగ్గా విన్నాడు.

“అయినయా బామ్మర్దీ వంకలు?”

“అమ్ముతవా లేదా సెప్పు.”

“పెట్టెనైతే అమ్ముదునేమో. గండ్ల మా మామ ఉన్నడు గదరా. ఎట్ల అమ్మాలె?”

ఇన్నేళ్లుగా బావ కూడా బాపు చప్పుడు వింటూనే ఉన్నాడన్నమాట. అప్పుడు పుట్టిన అసూయ ముందు, ఆ చాయల అసూయ ఏపాటిది? నాకైతే బాపు చనిపోయిన రోజుతోనే పోయాడు. ఈయనింట్లో మాత్రం రోజూ గల్లా మీద కూర్చునే ఉన్నాడు.

“మామా, ఫోన్ల రికార్డు జేసి పంపుతా?” అంది బావ బిడ్డ, నా ముఖం చూసి. పంపమన్నాను. కానీ అంతకు ముందు బావ లేచి, తన కుర్చీ నాకిచ్చాడు.

మా కొడుకు దుకాణంలో ఇప్పుడు బట్ట కొలతకు కోసి, కుట్టి, కవర్లో మడతపెట్టి వస్తుంది. చినిగే చప్పుడే లేదు. ఫోన్లలో వేల పాటలున్నాయి, ఎంత శుభ్రంగా ఉంటాయంటే, వాటి వెనక ఏ దుకాణమూ వినిపించదు. ఆ రోజు నేను పట్టు సడలించి రెండోసారి వాయించి ఉంటే, బావ ఫ్లాపీ కూడా అంతే శుభ్రంగా ఉండేది. నా పిసినారితనం బాపును దాచింది, కానీ తీసుకెళ్లి బావ ఇంట్లో దాచింది.

ఇప్పుడు ఏదో ఒక సాకుతో కోరుట్ల పోతూనే ఉంటాను. పోయి, అందరూ వాయించే నడిమి మెట్లు వదిలేసి, అన్నిటికన్నా కింది మెట్టు నొక్కుతాను. కిందికి పోయినకొద్దీ ఆ పెట్టెలో శబ్దం సాగుతుంది. హార్మోనియం బర్రెలా మూలుగుతుంది, ఫరవాలేదు. దాని వెనక మా బాపు, గిరాకీ లేని మధ్యాహ్నం వేళ, తొందరేమీ లేనట్టు, బట్టను నెమ్మదిగా చింపుతూ ఉంటాడు.