ఛానెల్ పోయింది

బెంగాల్ ఆసుపత్రుల్లో చేతి నరంలోకి గుచ్చి, పైన ప్లాస్టరు అంటించి వదిలేసే సన్నటి గొట్టాన్ని ఛానెల్ అంటారు. ఎందుకంటారో నాకెవరూ చెప్పలేదు. డాక్టర్లు, నర్సులు, పక్క మంచం వాళ్లు, ఆఖరికి వార్డు తుడిచే ఆవిడ కూడా ఛానెల్ అనే అంటారు. మడమలో మేకు దిగి, చీము ఎముకదాకా పాకి, నేను కోల్‌కతాలో ఆసుపత్రి పాలైనప్పుడు ఆ మాట నాకూ అలవాటైపోయింది. ఆ అలవాటే కొంప ముంచింది.

వారాల తరబడి నరంలోకి మందు ఎక్కించాలన్నారు. ఆసుపత్రిలో ఉండటం నా వల్ల కాలేదు. మా ఆయన సంత్రాగాఛి రైల్వే యార్డులో డ్యూటీ దిగి, నది దాటి వచ్చేసరికి రోగుల్ని చూసే వేళ అయిపోయేది. చుట్టుపక్కల మంచాలు ఖాళీ అవుతుండేవి. వాళ్లు ఇంటికెళ్లారా, లేక పోయారా అని అడగడానికి భయం. చివరికి డాక్టరు ముందు ఏడ్చి రాద్ధాంతం చేశాను. సరే, ఇంట్లోనే ఎక్కించుకోండి, కానీ ఒక్క పూట మందు తప్పిందంటే మళ్లీ ఇక్కడే పడుకోబెడతాను అన్నాడాయన. ఆ షరతు మీద నన్ను రైల్వే క్వార్టర్సుకి తెచ్చారు.

ఇంట్లో స్టాండు ఎక్కడిది? దోమతెర కట్టే మేకుకే మందు సీసా వేలాడదీశాం. దేవుడి క్యాలెండరు ఉన్నదీ ఆ మేకుకే. మా అత్త పొద్దున్నే దేవుడికి దణ్ణం పెట్టి, పనిలో పనిగా సీసాకీ ఒక దణ్ణం పెట్టేది. ఒకరోజు బొట్టు కూడా పెట్టింది. అది సరిగ్గా మందు పేరు మీద పడింది. కంపౌండరు దాన్ని గోటితో గీకి చదువుకోవాల్సి వచ్చింది.

స్నానానికి వెళ్తే ఛానెల్ తడవకుండా అత్త నా చేతికి బ్రెడ్డు కవరు తొడిగి రబ్బరుబ్యాండు వేసేది. ఆ చెయ్యి పైకెత్తి, ఇంకో చేత్తో చెంబు పట్టుకుని నీళ్లు పోసుకునేదాన్ని. చేతిలో ఎర్రజెండా ఒక్కటే తక్కువ. ఆ కాలంలో మా వీధిలో రోజూ వెళ్లే ఊరేగింపుల్లో నన్నూ కలిపేసుకునేవారే.

మందు ఎక్కించడానికి స్టేషను అవతల మెస్సులో ఉండే కంపౌండరు పొద్దునా సాయంత్రం వచ్చేవాడు. మేం అతన్ని దాదా అనేవాళ్లం, అంటే అన్నా అని. ఆ ఊళ్లో పాలు పోసేవాడూ దాదాయే, రైల్లో టికెట్టు అడిగేవాడూ దాదాయే. సాయంత్రం మందు సరిగ్గా మా అత్త తెలుగు సీరియల్ వేళకి పడేది. అతనికి తెలుగు ముక్క రాదు. అయినా కుర్చీ టీవీ వైపు తిప్పుకుని కూర్చునేవాడు. పెద్ద బొట్టు పెట్టుకున్న ఆడపడుచు తెరమీదికి వస్తే ‘ఓరే బాబా’ అని గుండెమీద చెయ్యి వేసుకునేవాడు. కథ రసపట్టులో పడ్డ రోజున సీసాలో చుక్కలు నెమ్మదిగా పడేవని నా అనుమానం.

వానాకాలంలో ఒక సాయంత్రం, అతను రావడానికి ముందు, నా చెయ్యి భగ్గుమంది. చూస్తే మోచేతి దాకా ఉబ్బింది. ప్లాస్టరు తడిసిపోయింది. ఛానెల్ నరంలోంచి జారిపోయిందన్నమాట. మా ఆయన డ్యూటీలో ఉన్నాడు. బయట మోకాలి లోతు నీళ్లు. వాన దెబ్బకి ఫోను మూగబోయింది. ఈ నీళ్లలో దాదా రాకపోతే పూట తప్పుతుంది. పూట తప్పితే మళ్లీ ఆ వార్డే. నాకు ఏడుపు ఆగలేదు.

“అత్తా, ఛానెల్ పోనాది. బేగెల్లి దాదాని పిలు,” అన్నాను.

అత్త నన్ను చూసింది, టీవీని చూసింది. ఏమీ అడగలేదు. గొడుగు తీసుకుని, తన నొప్పి మోకాళ్లతో ఆ నీళ్లలోకి దిగి వెళ్లిపోయింది.

చాలాసేపటికి ఒక దాదాని వెంటబెట్టుకొచ్చింది. కేబుల్ దాదాని! నడుముకి కటింగ్ ప్లేయరు, భుజాన వైరు చుట్ట, ఒంటినిండా నీళ్లు. అతను నావైపైనా చూడకుండా టీవీ పెట్టాడు. బొమ్మ నిక్షేపంలా వచ్చింది. ఇంకో నాలుగు ఛానెళ్లు నొక్కి చూసి, ‘ఛొబి తో ఠిక్ ఆఛే, బౌది’ అన్నాడు, బొమ్మ బాగానే ఉంది కదా వదినా అని. నాకు ఒళ్లు మండిపోయింది. ఉబ్బిన చెయ్యి అతని మొహం ముందు పెట్టి, పోయిన ఛానెల్ ఇదీ అన్నాను.

అతను ప్లాస్టరు వంక చూసి, అత్త వంక చూసి, గోడకి ఆనుకుని నవ్వాడు. నా మొహం చూసి టక్కున ఆపేశాడు. కంపౌండరు ఉండే మెస్సుకి కేబుల్ లాగింది తనేనట. సైకిలేసుకుని వెళ్లి అతన్ని వెనక కూర్చోబెట్టుకుని తెచ్చాడు. కంపౌండరు గొడుగు తన నెత్తిన కాకుండా మందుల సంచీ మీద పట్టుకుని దిగాడు. అంతలో కరెంటు పోయింది. కేబుల్ దాదా టార్చి పట్టాడు, కంపౌండరు దాదా రెండో చేతిలో నరం వెతికాడు, అత్త దేవుడి క్యాలెండరు వైపు తిరిగి నిలబడింది. మూడో పోటుకి నరం దొరికింది. పూట తప్పకుండా మందు ఎక్కింది. సీరియల్ మాత్రం తప్పిపోయింది. ఆ ఆడపడుచు ఆ రోజు ఏం చేసిందోనని కంపౌండరు వెళ్తూ వెళ్తూ కూడా బాధపడ్డాడు.

వాళ్లిద్దరూ వెళ్లాక అత్త కొంగు పిండుకుంటూ కూర్చుంది. నాకింకా కోపం చల్లారలేదు. టీవీ కట్టేసి ఉంటే బొమ్మ పోయిందని ఎలా అనుకున్నావు, సీరియల్ కోసం నేను ఏడుస్తానా అని నిలదీశాను.

“నానేటీ అనుకోనేదే,” అంది. “నువ్వేడుస్తన్నావు. ఏటి పోనాదో అడుగుతూ కూకుంటే ఎలగ? దాదా అన్నావు, కనపడ్డ దాదాని తెచ్చినాను.”

నాకు మళ్లీ ఏడుపొచ్చింది. ఈసారి ఏ దాదాని తేవాలో అన్నట్టు అత్త గొడుగు వైపు చూసింది.