ఫోన్ కలవలేదని చెప్పిన రోజు

ఎల్‌బీ నగర్ దగ్గర మా గుడిలో ఆదివారం పూజకి బైబిల్ నుంచి మొదటి పఠనం ఆరేళ్లపాటు నేనే చదివాను. మాది గుంటూరు వైపు. మూడు తరాలుగా కతోలికులం. ప్రార్థనలన్నీ చిన్నప్పటి నుంచీ కంఠతా వచ్చు. పూజ అయ్యాక ఎవరైనా వచ్చి "ఎంత స్పష్టంగా చదివారండీ" అంటే వారమంతా ఆ మాటతోనే గడిచిపోయేది.

తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న రోజుల్లో మా విచారణలోకి, అంటే మా గుడి పరిధిలోకి, ఒకామె కొత్తగా వచ్చింది. నల్లగొండ దగ్గర పల్లె నుంచి వచ్చి మీర్‌పేట్‌లో ఒక గది కిరాయికి తీసుకుని జాకెట్లు కుట్టేది. నాకంటే ఐదారేళ్లు చిన్నది.

అక్టోబరులో మరియమ్మ స్వరూపం రోజుకొక ఇంటికి వస్తుంది. చైతన్యపురిలోని మా ఇంటికి వచ్చిన సాయంత్రం ఆమె కూడా వచ్చింది. తుంటి ఎముక విరిగి మంచం పట్టిన మా అత్తగారిని హాల్లో కూర్చోబెట్టాం. జపమాల నేను చెప్పించాను. ఒక్క మాట తడబడలేదు. చివర్లో ఎవరైనా సొంతంగా ప్రార్థించవచ్చన్నారు ఫాదర్ గారు. ఆమె అత్తగారి పక్కన నేలమీద కూర్చుని ఆవిడ పాదం పట్టుకుంది.

"తల్లీ, గీ అమ్మ కాలు బాగ నొస్తున్నదట. నువ్వు సుత కొడుకు కోసం ఎంత తిరిగినవో నాకెరుకే. జర ఈమె దిక్కు సూడు" అంది. అంతే.

అత్తగారు ఏడ్చేశారు. పన్నెండేళ్లుగా ఆ ఇంట్లో రోజూ ప్రార్థన చెప్పిస్తున్నదాన్ని నేను. నా ప్రార్థనకి ఆవిడ కంట ఒక్క చుక్క రాలేదు.

అప్పటి నుంచి ఆమె ప్రతి మంగళవారం వచ్చేది. అత్తగారి కాళ్లకి నూనె రాసేది. ఇద్దరూ జపమాల చెప్పుకుంటూ మధ్యలో ఆపి నవ్వుకునేవారు. ఒకసారి ఉండబట్టలేక, "నేను చెప్పిస్తుంటే మీరు నిద్రపోతారు కదా అత్తయ్యా" అన్నాను.

"నువ్వు జపం చెబుతుంటే రైలు పోతున్నట్టుంటుంది అమ్మాయ్. ఎక్కడా ఆగదు" అన్నారావిడ. మా వారు నవ్వారు. నేను వంటింట్లోకి వెళ్లి గిన్నెలు గట్టిగా తోమాను.

తర్వాత గుడి పండుగ వచ్చింది. ఆ రోజు పఠనం ఆమెని చదవమన్నారు ఫాదర్ గారు. ఆమె రెండుచోట్ల తడబడింది. ఆ రెండుసార్లూ నాకు లోపల ఎంత సంతోషం కలిగిందో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. అయినా పూజ అయ్యాక అందరూ ఆమె చుట్టూ చేరారు. "మనం ఆంధ్రావాళ్లం కదా, ఇక మనల్ని పక్కన పెడతారు" అన్నాను ఇంటికి వచ్చాక. మా వారు నమ్మారు. నేను నమ్మలేదు. ఫాదర్ గారిది మా జిల్లానే.

ఒక బంద్ రోజున అత్తగారికి పొద్దున్నుంచీ ఆయాసం. మా వారు ఆఫీసు పని మీద విజయవాడలో చిక్కుకుపోయారు. మెయిన్ రోడ్డు మీద హాస్టల్ పిల్లల నినాదాలు ఇంట్లోకి వినిపిస్తున్నాయి. బస్సులు, ఆటోలు ఏవీ లేవు. మా వీధి చివరి డాక్టరు గారు నడిచి వచ్చి ఇంజెక్షన్ చేసి, సాయంత్రం మళ్లీ చూస్తానన్నారు. అత్తగారు నా చెయ్యి పట్టుకుని, "ఆ మీర్‌పేట్ అమ్మాయికి ఫోన్ చెయ్యి. కాసేపు నా పక్కన కూర్చుంటుంది" అన్నారు.

ఫోన్ తీసుకుని వంటింట్లోకి వెళ్లాను. ఆమె నంబరు తెరిచి చూశాను. నేను ఇక్కడే ఉండగా ఆమె ఎందుకు అనిపించింది. ఫోన్ గట్టు మీద పెట్టి, ఒక నిమిషం ఆగి, తిరిగి వచ్చాను.

"కలవలేదు అత్తయ్యా."

ఆవిడ గోడవైపు తిరిగి పడుకున్నారు. పక్కన కూర్చుని జపమాల మొదలుపెట్టాను. ఆవిడ బదులు చెప్పలేదు. ఆవిడ చెప్పాల్సిన సగం కూడా నేనే చెప్పుకున్నాను. సాయంత్రానికి ఆయాసం తగ్గింది గాని ఆవిడ నాతో మాట్లాడలేదు.

మంగళవారం ఆమె వచ్చింది. "బంద్ రోజు నీ ఫోన్ కలవలేదటగా" అన్నారు అత్తగారు.

"బందు దినమంత ఇంట్లనే ఉన్న గదమ్మా. ఫోన్ మిషన్ పక్కకే ఉండె. ఒక్కసారి సుత మోగలే" అని నావైపు చూసింది. అత్తగారూ చూశారు. నేను టీ పెడతానని లేచాను.

శనివారం పాపసంకీర్తనానికి వెళ్లి ఫాదర్ గారి దగ్గర ఉన్నదంతా ఒప్పుకున్నాను. "దేవుడికి చెప్పావు, మంచిదే. ఆ ఇద్దరికీ చెప్పావా అమ్మా?" అన్నారాయన.

అత్తగారికి ఆ రాత్రే చెప్పాను. "తెలుసులే" అన్నారు. మర్నాడు పూజ కాగానే ఆటోలో మీర్‌పేట్ వెళ్లాను. ఆమె జాకెట్ చేతులు అతుకుతోంది. గుమ్మంలో నిలబడే చెప్పేశాను. మిషన్ ఆగింది.

"కుళ్లుకుంటే నా మీద కుళ్లుకో అక్కా. నన్ను తిట్టు, రావొద్దను. గా ముసలమ్మ ఏం జేసింది? ఆమెనెందుకు గోస పెట్టినవ్?"

ఆమె దారం తెంపి, "మంగళారం ఒస్తా. నీ కోసం కాదు" అంది.

అన్నట్టే వచ్చింది. అత్తగారు పోయేదాకా ఒక్క మంగళవారం తప్పలేదు. చివరి నెలల్లో నేనూ వాళ్ల పక్కన కూర్చునేదాన్ని. మొదట్లో ఆమె నాతో ముక్తసరిగా మాట్లాడేది, తర్వాత మామూలుగానే. పోయే ముందు అత్తగారు దిండు కింద నుంచి వేళాంగణ్ణి యాత్రలో కొన్న తన జపమాల తీసి, "ఇది ఆ అమ్మాయికి ఇవ్వు. నువ్వే ఇవ్వాలి" అన్నారు.

సమాధుల దగ్గర నుంచి అందరూ వెళ్లిపోతుంటే ఆమెని ఆపి ఇచ్చాను. చివరి నిమిషం దాకా గుప్పిట్లోంచి వదలబుద్ధి కాలేదు. అయినా ఇచ్చాను. ఆమె దాన్ని కళ్లకద్దుకుని నా భుజం మీద తలపెట్టి ఏడ్చింది. ఏం చెయ్యాలో తెలియక వీపు నిమురుతూ నిలబడ్డాను.